ముగ్గురు పురుషులును అడీనాయు: ఒక టెలివిజను రూపకవిమర్శము

అమెరికాదేశపు ప్రసారసంస్థలలో నొకటియగు ఎన్‌బీసీ 1993 వ సంవత్సరము మొదలుకొని 1999 వఱకు 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్' అను ధారావాహికను టెలివిజనులోఁ బ్రదర్శించెను. బాల్టిమోరు పట్టణపు పోలీసుశాఖలో హత్యల విచారణ జరపు పరిశోధకుల వృత్తియే దాని కితివృత్తము. అందు 1993 మార్చి 3 వ తేదీని ప్రసారమైన యైదవభాగమునకు 'త్రీ మెన్ అండ్ అడీనా' యని పేరు. తెనిఁగించినచో 'ముగ్గురు పురుషులును అడీనాయు' నగును. దీనిని రచించినవాఁడు టామ్ ఫాంటానా. దర్శకుఁడు మార్టిన్ కాంబెల్. ఆ యేఁటి ఎమ్మీ బహుమానములలో నాటకశ్రేణి రచనకుఁ గల బహుమానము ఫాంటానాకు లభించినది యీ భాగమునకే.

నేరకథలను బండితులు తేలికగాఁ జూచుట వాడుక. అవి కాలక్షేపమునకుఁ దక్క సాహిత్యవిచారమునకుఁ బనికిరావని వారి తలంపు. పెక్కింటియెడ నా తలంపు న్యాయమే. చంపినవాఁ డెవఁడో తెలియుదాఁక కుతూహలము; తెలిసినతోడనే యది చల్లాఱును; రెండవమాఱు చూచుట కేమియు మిగులదు. ఈ భాగమునందైతే చంపినవాఁ డెవఁడో తెలియనే తెలియదు. ఆరంభమునఁ దెలియనిది యంతమునను దెలియదు. అయినను ముప్పది యేండ్లకుఁ బైఁబడిన పిమ్మటను విమర్శకులు దీనిని టెలివిజను రచనలలో నుత్తమమైన వానితోఁ జేర్చి చెప్పుచున్నారు. ఫలము చేతికి రాని కథ యెట్లు పూర్ణమైనట్లు తోఁచుచున్నదో విచారింపఁదగియున్నది.

కథ మిక్కిలి చిన్నది. అడీనా వాట్సన్ అను పదునొకండేండ్ల బాలిక హత్యకు గుఱియైనది. దీనిని విచారించు భారము శాఖలోఁ గ్రొత్తగాఁ జేరిన టిమ్ బేలిస్ అను పరిశోధకునిపైఁ బడినది. అతనికిఁ దానే ముఖ్యుఁడుగా నడపు వ్యవహారములలో నిదియే మొదటిది. అనుమానము రిస్లీ టక్కరు అను వృద్ధునిమీఁదికిఁ బోయినది. ఇతఁడు గుఱ్ఱపుబండిలోఁ బండ్లు, కూరగాయలు పెట్టుకొని వీథివీథికిఁ దిరిగి కేకవేసి యమ్ముకొనువాఁడు. ఇట్టివారిని బాల్టిమోరులో 'అరాబర్లు' అందురు. వారిలో నల్లజాతివారే మెండు. టక్కరును ఆ జాతివాఁడే. బాలిక యతని గుఱ్ఱమును జూచుకొనుటలో సాయపడుచుండెడిది. అతని గుఱ్ఱపుసాల కాలిపోయినది. ఆ కాలిన సాలకు సంబంధించిన మసి మృతురాలి లంగాపైఁ గనఁబడినది. ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. టక్కరు నింతకుముందే ప్రశ్నించి యుండిరి. ఇఁక నొక్కమాఱు, అదియుఁ బండ్రెండు గంటల కాలము మాత్రమే, యతనిని విచారించుట కవకాశము మిగిలినది. బేలిస్‌నకుఁ దోడుగా ఫ్రాంక్ పెంబిల్టన్ కూర్చుండును. నోరు విప్పించుటలో నా శాఖయం దతనికి మించినవాఁడు లేఁడు. విచారణచేయు గదికి వారిలో వారు పెట్టుకొన్న పేరు 'బాక్సు', అనఁగాఁ బెట్టె. ఆ పెట్టెలో నీ ముగ్గురును గూర్చుందురు. పండ్రెండు గంటలు గడచును. వృద్ధుఁడు హత్య నొప్పుకొనఁడు, లేచిపోవును.

పేరునందలి 'పురుష' శబ్దమును శాబ్దికుఁడు విన్నచో నతనికి ముందుగా మనుష్యులు తోఁపరు, ప్రథమమధ్యమోత్తములు తోఁచును. ఇది శ్లేషకొఱకుఁ జెప్పుమాట గాదు. ఈ రూపకపు నడక సమస్తమును బురుషభేదముమీఁదనే నిలిచియున్నది. హత్య జరిగిననాఁడు లోకమునకుఁ దెలిసిన వాక్య మొక్కటియే: ఎవఁడో చంపెను. ఇది ప్రథమపురుషము. పరిశోధకుఁడు సాక్ష్యము గూర్చికొని, యొకని నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని, 'చంపితివి' యనును. ఇది మధ్యమము. ఇంతవఱకు వచ్చుటకుఁ బరిశోధకుని శక్తి చాలును. దీనిపై మెట్టగు 'చంపితిని' యనుదానిని మాత్ర మతఁ డెన్ని విద్యలు నేర్చినను దాను బలుకఁజాలఁడు, ఎదుటివాఁడే పలుకవలెను. ఆంగ్లమున భూతకాలక్రియకు మూఁడు పురుషములందును నొక్కటే రూపము. ఈ యంతర మందు సర్వనామమువలనఁ దెలియవలసినదే. తెలుఁగున నట్లు గాదు; క్రియ తుదియందే మనుష్యుఁడు కూర్చుండి యున్నాఁడు. చంపెను, చంపితివి, చంపితిని యను వీనికి నడుమఁ గల చిన్న ప్రత్యయముల దూరమే పండ్రెండు గంటల యీ కథ.

మఱి అడీనా? ఆమె మాటలాడునదియుఁ గాదు, మాట వినునదియుఁ గాదు. 'నేను', 'నీవు' అనువానికిఁ జెల్లినది పోఁగా మిగిలినచోటఁ బ్రథమపురుషము వచ్చునని పాణినీయుల వ్యవస్థ. ఆ మిగిలినచోట నున్నది యడీనా. గోడపైనుండు ఛాయాచిత్రములలోఁ దప్ప నామె కనఁబడదు. ఆమె పలుకు వినఁబడదు. గదిలోని ముగ్గురును ఆమెనుగూర్చి పలుకుటకే కూర్చుండి, కొంతసేపటికిఁ దమ్మును గూర్చి పలుకఁజొత్తురు. పేరులో ముగ్గురిని సంఖ్యతోఁ జెప్పి, యామెను మాత్రము పేరుపెట్టి వేఱుగాఁ జేర్చుటలో రచయిత యభిప్రాయ మిదియే కావలెను.

కారకదృష్టితోఁ జూచినను స్థితి యిట్టిదే. కర్మ తెలిసినది. అధికరణము కొంత తెలిసినది. కర్త తెలియఁడు. లంగాపైని మసిని హేతువుగాఁ జేసికొని కర్తను సాధింపఁజూతురు. కాలిన సాలతో బాలికకు స్పర్శ కలిగెనని మసి చెప్పును. సాల యజమానుఁడు చంపెనని చెప్పదు. అధికరణమునుండి కర్త నూహించుట లోకమునఁ దఱచుగా జరుగునదే కాని, యది ప్రమాణము గాదు. సాధ్యము లేనిచోటను నుండఁగల హేతువును దార్కికు లనైకాంతిక మందురు. పరిశోధకు లీ లోప మెఱుఁగుదురు. ఎఱిఁగియే, వస్తువు చెప్పలేనిదానిని మనుష్యునిచేఁ జెప్పింపఁ బూనిరి.

ఈ 'చెప్పించుట' యనుదానియందే విషయసారమంతయు నున్నది. చెప్పుటకుఁ బ్రేరణమునఁ జెప్పించుట. ఇందుఁ గర్త లిద్దఱు: చెప్పువాఁ డొకఁడు, చెప్పించువాఁ డొకఁడు. చెప్పించువానికి హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలు గలవు. అయితే యతఁడు ప్రేరేపించునది స్వతంత్రుఁడగు కర్తను. ప్రేరేపింపఁబడినంతమాత్రమునఁ జెప్పువాని స్వాతంత్ర్యము పోయినచో నతఁడు కర్తయే కాఁడు. అతఁడు కర్త కానప్పుడు చెప్పించువాఁడు హేతువును గాఁడు. అనఁగా నెంత బలముగా నొత్తిడిచేసిన నంతగాఁ దనకుఁ గావలసిన వాక్యము చెడిపోవును. నోరు నొక్కి పలికించిన 'చంపితిని' యుత్తమపురుషరూపము ధరించిన మధ్యమపురుషమే. ఈ చిక్కు వ్యాకరణమున వివరణగ్రంథములకుఁ బరిమితము. ఆ పెట్టెలోనైతే యొక ముసలివాని ప్రాణమును, ఒక చచ్చిన బిడ్డకు జరుగవలసిన న్యాయమును దానిపైనే యాధారపడి యున్నవి.

ఇచట ధర్మశాస్త్రవిషయ మొకటి చెప్పక తీఱదు. తెలుఁగుదేశపుఁ బ్రేక్షకుఁ డీ భాగమును జూచి, యొప్పుకొనకపోయిన మాత్రాన నింత యాతన యెందులకని యనుకొనవచ్చును. అమెరికాలో ముద్దాయి తనకు మౌనముగా నుండు హక్కు గలదని 1966 నాఁటి మిరాండా తీర్పు చొప్పునఁ దెలిసికొని, స్వేచ్ఛగా నొప్పుకొన్నచో, పోలీసులయెదుటఁ బలికిన యా మాటయే న్యాయస్థానమున సాక్ష్యమగును. అంతియ కాదు, విచారించువాఁడు లేని సాక్ష్యమును గలదని కల్లలాడినను, అంతమాత్రమున నొప్పుకోలు చెల్లకపోదని యచ్చటి సుప్రీముకోర్టు 1969 లో ఫ్రేజియర్ వ్యవహారమునఁ దీర్పు చెప్పెను. ఈ దేశమున నట్లు గాదు. పోలీసు అధికారితోఁ జెప్పిన నేరాంగీకారమును ముద్దాయికి విరుద్ధముగా రుజువు చేయరాదని 1872 నాఁటి సాక్ష్యచట్టము 25 వ ప్రకరణము శాసించెను. 2024 జులై 1 వ తేదీనుండి యమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమునను 23 వ ప్రకరణమున నదే నిషేధము నిలిచియున్నది. కాఁబట్టి యా పెట్టెను విజయవాడకో వరంగలునకో తెచ్చి నిలిపినచో నందలి పండ్రెండు గంటల వాగ్వ్యాపారము న్యాయస్థానమున నిష్ఫలము. చెప్పించినవాఁడు పోలీసైనప్పుడు చెప్పినవాఁడు స్వతంత్రుఁడని నమ్మఁజాలమని యీ చట్టపు భావము. అక్కడి చట్టము నమ్మవచ్చుననుచున్నది. ఫాంటానా తన దేశపుఁ జట్టముయొక్క యా నమ్మకమునే రంగమున నిలిపి పరీక్షించెనని గ్రహింపవలెను.

ప్రేరణము మూఁడు విధములుగా నడచును. మొదట బేలిస్ వస్తువులను, కాలమును, స్థలమును జూపి ప్రశ్నించును. అతని ప్రశ్నలలోఁ దొందరయు, నిద్రలేమియుఁ గానవచ్చుచుండును. పిదపఁ బెంబిల్టన్ మెత్తని మాటలతోఁ జేరువయగును. ఈ ధారావాహిక తొలిభాగమునందే యతఁడు తన విద్యను బేరసారముతోఁ బోల్చి చెప్పియున్నాఁడు: తాను విక్రయించు సరకు చెఱసాల, కొనువానికి దానితో నేమియుఁ బనిలేదు, అయినను గొనిపింపవలెను. ఆ పోలిక యిచట నడ్డము తిరుగుట చూడఁదగినది. ఏలయన నెదుటఁ గూర్చున్నవాఁడు తన యాయువంతయు వీథులలో సరకమ్మి బ్రదికినవాఁడు. కొనువారి ముఖము చూచి మనసెఱుఁగుట యతనికిఁ గూటివిద్య. అమ్మకము నెఱిఁగినవానికి అమ్మఁబోవుట పెంబిల్టన్ చేసిన సాహసము. మూఁడవది కోపము. బేలిస్ నిగ్రహము కోలుపోయి వృద్ధునిపైఁ జేయిచేసికొనఁబోవును. అచట ప్రేరణము ముగిసి బలాత్కార మారంభమగును. అచ్చటనుండియే కథయు మఱలును.

మఱలుట యనఁగా నేమి? అంతవఱకుఁ జెప్పించువారు వారు, చెప్పవలసినవాఁ డితఁడు. ఇప్పుడు టక్కరు వారినిగూర్చి పలుకఁజొచ్చును. పెంబిల్టన్ తనవలెనే నల్లవాఁడయ్యును, చదువును నాగరకమును గలిగి, తనవంటి బీదవానిని జూచి రోయుచున్నాఁడని మొగమున ననును. బేలిస్‌నందుఁ జీఁకటి యొకటి దాఁగియున్నదని, అది యతనికే తెలియదని యనును. మధ్యమపురుష మీ మాఱు రెండవవైపునుండి వచ్చినది. నీవు, నీవు అని పదిగంటలుగా వినుచున్నవాఁడు తాను 'నీవు' అనుట కారంభించెను. పరిశోధకు లిద్దఱును దమ్మును గూర్చి చెప్పుకొనవలసిన వాక్యములను వినిరి, చెప్పుకొనలేదు. వారి మౌనము టక్కరు మౌనమునకుఁ బ్రతిబింబము.

ఆ వెనుక నతఁడొక యొప్పుకోలు చేయును. హత్యనుగూర్చి కాదు. తన జీవితమునఁ దాను మిక్కిలిగాఁ బ్రేమించినది యా పదునొకండేండ్ల పిల్లనే యని చెప్పును. దాని నెవ్వరు నడుగలేదు. అది చెప్పించినది కాదు, చెప్పినది. పండ్రెండు గంటలలో నుత్తమపురుషమున స్వతంత్రుఁడై యతఁడు పలికిన వాక్యమిది. దీనివలన నేరము రుజువు కాదు. నిరపరాధియనియుఁ దేలదు. ప్రేమించినవాఁడు చంపఁడనరాదు, చంపుటకే ప్రేమ కారణమనియు ననరాదు. వినినవారిలోఁ బెంబిల్టన్, అంతవఱకు సంశయించుచున్నవాఁడు, ఇతఁడే చంపెనని నిశ్చయించుకొనును. బేలిస్, మొదటినుండియు నిశ్చయముతో నున్నవాఁడు, ఇప్పుడు తనకుఁ దెలియకున్నదనును. ఒక్కటే వాక్యము విని యిద్దఱు తమ తమ నమ్మకములను మార్చుకొనిరి. వాక్యార్థము వాక్యమునందే యున్నచో నిట్లు జరుగునా? చెప్పినవాని వివక్ష వేఱు, విన్నవాని ప్రతిపత్తి వేఱు. ఈ ఘట్టమును శాబ్దబోధము బోధించు గురువులు శిష్యులకుఁ జూపవచ్చును.

ఔచిత్యవాదు లిచట నాక్షేపింపకపోరు. వృద్ధునకు బాలికయం దనురాగము వర్ణించుట యనౌచిత్యము. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేఱు కారణము లేదని యానందవర్ధనాచార్యుల మతము. కావున నిది రసాభాస మగునని వారి వాదము. నిజముగా నిది శృంగారముగా నిర్వహింపఁబడినచో నాభాసమే యగును, జుగుప్సయుఁ గలుగును. అట్లు నిర్వహింపఁబడలేదు. చెప్పునప్పు డాలంబనము గదిలో లేదు, లోకమునను లేదు. చెప్పువాఁ డలసిపోయినవాఁడు, అవమానితుఁడు. వినువారి ముఖములలో జుగుప్సతోఁగూడ మఱియొకటి కానవచ్చుచున్నది: ఆ బిడ్డను సజీవురాలిగా నెఱిఁగినవాఁడు గదిలో నితఁ డొక్కఁడే యను నెఱుక. బేలిస్ యెఱిఁగినది శవమును. ఆమె పేరెత్తినప్పుడు నవ్వో, నడకయో, గుఱ్ఱము ప్రక్కను నిలుచుటయో తలఁపునకు వచ్చువాఁడు నేరస్థుఁడని తాము నిందించు నీ ముసలియే. కావున నిచట స్థాయి శోకము. అనురాగము దానికి సంచారియై, లోన జుగుప్సను మెలిపెట్టుకొని యున్నది. ఇది యభినయింపఁ గడుఁ గష్టమైనది. మోజెస్ గన్ అను నటుఁడు దీనిని గంఠ మెత్తకయే నిర్వహించెను. రంగస్థలమునఁ బేరుగాంచిన యా నటుఁడు 1993 డిసెంబరునందే మరణించెను. అతని కడపటి పాత్రలలో నిది యొకటి.

ఇఁక రూపకభేదము. దశరూపకములలో నంకమని, ఉత్సృష్టికాంకమని చెప్పఁబడునది యొకటి గలదు. దాని లక్షణమును ధనంజయుఁడు చెప్పిన విధమిది: కరుణము ప్రధానరసము, నాయకులు సామాన్యమానవులు, యుద్ధము వాక్కులతోనే జరుగును, జయాపజయములును వాక్కులయందే, స్త్రీల విలాపముండును. దివ్యులు లేరు, రాజులు లేరు, ఆయుధములు లేవు. బాల్టిమోరు పెట్టెలో జరిగినదానికి దీనికంటె సమీపమైన లక్షణము మఱియొక దేశపు నాట్యశాస్త్రమున దొరకుట దుర్లభము. ఒక యంకమున నొక దినమునకు మించిన కథ యుండరాదని భరతుని నియమము. ఇచటఁ బండ్రెండు గంటలు ముప్పాతిక గంటలో నొదిగినవి. వధమును బ్రత్యక్షముగాఁ జూపరాదని నియమము. ఇచట వధము కథకు ముందే జరిగిపోయినది. స్త్రీవిలాప మొక్కటి మాత్రము లేదు. బిడ్డతల్లి యా గదిలో లేదు. అయినను ఆ లక్షణము లోపించినదనరాదు. ఆమె చేయవలసిన యేడ్పు ముగ్గురు పురుషుల గొంతులలోఁ జిక్కుకొని యున్నది. ఒకనిది కోపముగా, ఒకనిది నేర్పుగా, ఒకనిది ప్రేమగా వెలికి వచ్చినది.

ఇందుకుఁ బ్రతికక్షి యొక ప్రశ్న వేయఁగలఁడు. అంకమునకు ముఖనిర్వహణసంధులు రెండును గావలెను గదా. కర్త దొరకని కథలో నిర్వహణ మెక్కడిది? బీజమును హత్యగాఁ దీసికొన్నచో నతని మాట కాదనరాదు. బీజము హత్య కాదు. 'వీనిచేఁ జెప్పింపఁగలము' అను విశ్వాసమే బీజము. అది యంతమున నిర్వహింపఁబడినది: వాఁడు చెప్పెను, వీరు కోరినది గాక వేఱొకటి చెప్పెను, విన్నవారు రెండుగాఁ జీలిరి. వాగ్యుద్ధమున జయాపజయములు తేలినవి. ఎవరికి జయమని యడిగినచో నుత్తర మీయ శక్యము గాదు. అపజయము మాత్రము ముగ్గురికిని గలదు.

ఈ దేశపు నాటకములలో న్యాయస్థానమును బ్రధానముగాఁ జూపినది మృచ్ఛకటికము. దాని తొమ్మిదవయంకమును బోల్చి చూచుట యుపయుక్తము. అందు శకారుఁడు తాను గొంతు నులిమిన వసంతసేనను జారుదత్తుఁడు చంపెనని యభియోగము దెచ్చును. ఆమె బ్రదికియున్నదని ప్రేక్షకుల కెఱుకే. న్యాయాధిపతికి మాత్రము తెలియదు. ప్రేక్షకుఁ డెఱుఁగును, విచారించువాఁ డెఱుఁగఁడు. ఇందువలన శూద్రకుని యంకమున గుండె బరువెక్కును. ఫాంటానా ప్రేక్షకునకు నా యెఱుక నీయలేదు. అతనినిఁగూడఁ బెట్టెలోఁ గూర్చుండఁబెట్టెను. కాని యొకచోట నీ రెండు రూపకములును గలిసికొనును. నిరాశతోఁ జారుదత్తుఁడు తన నేరమును జెప్పఁబోవుచున్నట్లు వాక్య మెత్తుకొని, క్రియను బలుకక, మిగిలినది యితఁడే చెప్పునని శకారునివైపు వదలును. శకారుఁడు 'చంపఁబడినది' యని పూరించి, నేనే చంపితినని నీవును బలుకుమనును. నీవే పలికితివి గదా యని చారుదత్తుని యుత్తరము. ఉత్తమపురుషవాక్యమును నిందించువాఁడే పూరించెను. అయినను నది ముద్దాయి యొప్పుకోలుగాఁ జెల్లిపోయినది. చెప్పించుటయందలి యన్యాయమును శూద్రకుఁడు నాలుగు చిన్నమాటలలోఁ జూపఁగా, ఫాంటానా దానికే పూర్ణాంకమును వినియోగించెను. టక్కరు తన వాక్యమును మాత్ర మెదుటివానికిఁ బూరింప నీయలేదు.

ఇతివృత్తము పూర్ణముగాఁ గల్పితము గాదు. డేవిడ్ సైమన్ అను వార్తాపత్రికారచయిత 1988 లో నొక సంవత్సరము బాల్టిమోరు హత్యావిచారణశాఖతోఁ దిరిగి వ్రాసిన గ్రంథము 1991 లో వెలువడినది. ఈ ధారావాహికకు మూలమదియే. అందు నా యేఁడు జరిగిన పదునొకండేండ్ల బాలిక హత్యయుఁ గలదు. దానియందును గర్త తేలలేదు. అనుమానము పాలైనవాఁడు చేఁపల దుకాణము నడపినవాఁడు, దుకాణము కాలినది. ప్రఖ్యాతవస్తువునందు రసమునకు విరోధించుదానిని గవి మార్చుకొనవచ్చునని శాస్త్రము. ఫాంటానా దేనిని మార్చెనో, దేనిని విడిచెనో పరిశీలించినచో నతని బుద్ధి తెలియును. చేఁపల దుకాణమును మార్చి, గుఱ్ఱపుబండిని దెచ్చెను. దానిచే ముసలికిని బిడ్డకును నడుమ నొక జంతువు, ఒక చెలిమి యేర్పడినవి. కడపటి యొప్పుకోలునకు వేరు దొరకినది. నిర్ణయము లేమిని మాత్రము మార్చలేదు. అతఁడు తలఁచుకొన్నచో నేరస్థునిఁ గల్పించుట నిమిషములోఁ బని. 1996 లో 'రెక్వియం ఫర్ అడీనా' యను మఱియొక భాగమున నీ వ్యవహారమును మఱలఁ దలపెట్టిరి. అందును హంత తేలలేదు. దానిని మూలముతో సమముగా నెంచ వీలులేదు. మఱలఁ ద్రవ్వుటచే బేలిస్ వ్యథ పెరిగినది గాని, వస్తువు పెరుగలేదు.

దోషములు లేకపోలేదు. పెద్దది టక్కరు పలికిన యుపాలంభములలోనే యున్నది. పెంబిల్టన్‌నుగూర్చి యతఁ డన్నది యొప్పవచ్చును. ఒకే జాతిలోని యంతస్తులను బీదవాఁడు పసికట్టుట సహజము, వీథివర్తకునకు మఱియు సహజము. బేలిస్ లోని చీఁకటినిగూర్చి యంత సూటిగాఁ బలుకుట మాత్రము పాత్రయొక్క యెఱుకకు మించినది. అచట నోరు టక్కరుది, మాట రచయితది. తరువాతి సంవత్సరముల భాగములలో బేలిస్ బాల్యమునఁ బినతండ్రిచేతనో మేనమామచేతనో కాని, యింటివానిచేతనే దూషితుఁడైనట్లు వెలువడుటచే నీ మాటకుఁ బిదప నొక యాధార మేర్పడినది. అయినను వెనుకవచ్చిన భాష్యము ముందున్న సూత్రపు దోషమును బాపఁజాలదు. చిత్రణమునందు నొక యరుచి గలదు. చేతఁ బట్టుకొని త్రిప్పు యంత్రమును, తటాలునఁ ద్రెంపి యతికిన దృశ్యములును ఈ ధారావాహికకు గుఱుతు. ముఖ్యఘట్టములలో నొకే దృశ్యమును మూఁడుమాఱులు చూపుటయు దాని వాడుక. సంభ్రమమునఁ బునరుక్తి దోషము కాదని యాలంకారికులు సమ్మతింతురు గాని, సంభ్రమము లేనిచోట నా వాడుక కన్నులకు శ్రమ. ఈ భాగమున మాట యంత బలముగా నుండఁగా యంత్రము కొంత నిలుకడగా నుండినఁ జాలును.

బేలిస్ పాత్రను గైల్ సీకర్ ధరించెను. పెంబిల్టన్ పాత్రను ఆండ్రీ బ్రావర్. 2023 డిసెంబరులో మరణించిన యీ బ్రావర్ యా పాత్రకే 1998 లో ఎమ్మీ బహుమానమును బడసెను. ఇతని యభినయమునఁ జూడఁదగినది వాక్కుకంటె వినికిడి. టక్కరు తన్ను నిందించునప్పు డతఁడు ప్రత్యుత్తర మీయక నిలుచు కాలము స్వల్పమే. ఆ స్వల్పకాలమున నాత్మగర్వ మొక మెట్టు దిగుట కానవచ్చును. సాత్త్వికాభినయమునకు లక్షణములు వల్లించు విద్యార్థు లీ లక్ష్యమును జూచుట మేలు.

దీనిని దెనిఁగింపఁ బూనువానికి నాంగ్లమున లేని యొక బాధ తెలుఁగునఁ గలదు. ఆంగ్లపు మధ్యమపురుషమునకు సర్వనామ మొక్కటియే. తెలుఁగున 'మీరు' గలదు, 'నీవు' గలదు. వయసుమీఱిన టక్కరును బరిశోధకులు మొదట 'మీరు' అనియే పిలుతురనుట యొప్పు. ఏ వాక్యమున 'మీరు' పోయి 'నీవు' వచ్చునో, పెంబిల్టన్ చెలిమిగా ననిన 'నీవు'నకును, బేలిస్ కోపముగా ననిన 'నీవు'నకును భేద మెట్లు తెలియునో యనువాదకుఁడు నిర్ణయింపవలెను. టక్కరు తిరిగి వారిని నిందించునప్పు డేమనును? అప్పటికిని వెఱపుతో 'మీరు' అన్నచో మాట చప్పనగును. 'నీవు' అన్నచోఁ బేదవాఁ డధికారిని నెదిర్చిన ధ్వని మూలముకంటె నధికమగును. అడీనా విషయమునను నిట్టిదే. బేలిస్ ఆమెను బేరుతోఁ జెప్పును. కాగితములలో నామె బాలిక, మృతురాలు. టక్కరు నోట మాత్రము 'ఆ పిల్ల' యని యుండవలెను.